ఆ సినిమాలో పిల్లగాడు, మా అన్న

మా ఇంట్లో సినిమా అనే మాటే తప్పు. మా తాత కాలంలో మొయినాబాద్ చర్చిలో బాప్తిస్మం తీసుకున్న కుటుంబం మాది. అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం. పట్నం పోయినప్పుడు టాకీసు ముందు నుంచి నడవాల్సి వస్తే, ఆ బొమ్మలు కనబడకుండా అవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. అలాంటి ఇంట్లోంచి నేనూ మా అన్నా ఒక ఇంగ్లీషు సినిమాకు వెళ్ళామంటే, దానికి కారణం చేవెళ్ల హైస్కూలు ఇంగ్లీషు సారు.

బాపు, అంటే మా నాన్న, ఆ బడిలో చప్రాసి. బడి వెనక ఉన్న రెండు గదుల్లో మేము ఉండేవాళ్ళం. సారుది గుంటూరు వైపు. ముప్పై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండేవాడు. చేవెళ్లకు బదిలీ అయి వచ్చిన మొదటి ఏడే మా అన్నను పట్టుకున్నాడు. క్లాసులో ఇంగ్లీషు పాఠం చూడకుండా అప్పజెప్పిన పిల్లవాడు చప్రాసి కొడుకని తెలిసి, సాయంత్రాలు ఇంటికి రమ్మన్నాడు. అతని వెంట నేనూ పోయేదాన్ని. పుస్తకాలు ఇచ్చాడు. అన్న పట్నంలో పీయూసీలో చేరాడంటే ఆ దరఖాస్తు నింపింది సారే. చేరాక కూడా శనివారం అన్న బస్సు దిగితే మొదట సారు ఇంటికి పోయి, తర్వాతే మా ఇంటికి వచ్చేవాడు.

సారు భార్య మంచిదే. మాకు ఏదో ఒకటి పెట్టకుండా పంపేది కాదు. అయితే మా ఇద్దరి కాఫీకి వేరే గ్లాసులు ఉండేవి. అవి వంటింట్లో ఉండేవి కావు. వరండా కిటికీ మీద బోర్లించి ఉండేవి. తాగిన తర్వాత మేమే కడిగి అక్కడే బోర్లించేవాళ్ళం. సారుకు ఈ సంగతి తెలుసో లేదో అప్పట్లో నాకు తెలియదు. అన్నకు మాత్రం తెలుసు. ఒకరోజు దారిలో నేనే అడిగాను, మన గ్లాసులు బయట ఎందుకు ఉంటయి అని. "కాఫీ చల్లారనియ్యకుంట తాగు, గంతే" అన్నాడు.

అరవై ఎనిమిది చలికాలంలో, ఒక సెలవు రోజున, సారు భార్య పట్నంలో తన చుట్టాల ఇంటికి బయలుదేరింది. ఆమెను అక్కడ దింపి సారు నన్నూ అన్ననూ ఆబిడ్స్‌లో ఒక టాకీసుకు తీసుకుపోయాడు. పొద్దుటి ఆట. బాపుతో మ్యూజియం చూపిస్తానని చెప్పాడు. అబద్ధం ఆడినందుకు బస్సులో మొయినాబాద్ దాటేదాకా తనలో తనే నవ్వుకుంటూ కూర్చున్నాడు.

ఆ సినిమా పేరు నాకు గుర్తు లేదు. ఇంగ్లండు బొమ్మ. రంగులు లేవు, పాటలు లేవు. పెద్ద కంపెనీ తీసింది కాదనీ, ఎవరో నలుగురు స్నేహితులు కలిసి తీసుకున్నారనీ సారు చెప్పాడు. ఒక ఊళ్ళో ఎప్పుడూ వాన పడుతూ ఉంటుంది. ఒక పిల్లగాడు, మా అన్న ఈడువాడే, పాలసీసాలు కడిగే చోట పని చేస్తుంటాడు. తల్లి ఉంది, మారుతండ్రి ఉన్నాడు. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు. పక్కింట్లో ఒక ముసలాయన పెరట్లో అద్దాలతో చిన్న కొట్టం కట్టుకొని అందులో పూలమొక్కలు పెంచుతుంటాడు. ఆయన ఒక్కడే ఈ పిల్లవాణ్ణి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతాడు, మొక్కలకు నీళ్ళు పోయడం నేర్పుతాడు. ఒక మధ్యాహ్నం ఆ పిల్లగాడు పని నుంచి వస్తూ వస్తూ ఒక ఇనుపకడ్డీ తీసుకొని ఆ అద్దాలన్నీ పగలగొడతాడు. ఒక్కటి కూడా మిగల్చడు. ముసలాయన గుమ్మంలో నిలబడి చూస్తుంటాడు. చివరికి ఆ పిల్లగాడు వానలో బస్సు కోసం నిలబడి ఉంటాడు. బస్సు వచ్చి ఆగుతుంది. అంతే, దీపాలు వెలిగాయి.

"ఏందిర బై, అయిపాయెనా?" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. జనం ఈలలు వేశారు. నాకు సగం మాటలు అర్థం కాలేదు. సారు చెవిలో చెప్పినంత మేరకే తెలిసింది. కానీ అద్దాలు పగిలేటప్పుడు మా అన్న కుర్చీ చేతిని పట్టుకున్న తీరు నాకు గుర్తుంది. వేళ్ళు తెల్లబడ్డాయి.

తర్వాత ఇరానీ హోటల్లో కూర్చున్నాం. అన్న సమోసా ముట్టలేదు.

"ఎందుకు పలగ్గొట్టిండు సార్?" అన్నాడు.

"సినిమా చెప్పదోయ్. చెబితే అది ఇంకో సినిమా అయ్యేది."

"కారణం లేకుంట ఎవడన్న చేస్తడా సార్? ముసలాయన ఏమన్న అన్నడా ఆన్ని?"

"ఏమీ అనలేదు. ఆయన ఒక్కడే వాడికి దగ్గరివాడు. అంతవరకే మనకు తెలుసు."

అన్నకు ఆ జవాబు నచ్చలేదు. కథ సరిగ్గా రాయడం చేతగాక అట్లా వదిలేశారని తిరుగు బస్సులో నాతో అన్నాడు.

తర్వాత నెల తిరగకముందే గొడవలు మొదలయ్యాయి. ముల్కీ అనే మాట అందరి నోట్లోనూ పడింది. ఇక్కడివాళ్ళకు ఇక్కడ రావలసిన కొలువులు బయటివాళ్ళకు పోతున్నాయని పట్నంలో విద్యార్థులు రోడ్లమీదికి వచ్చారు. కాలేజీలు మూతపడ్డాయి. బస్సులు ఒకరోజు నడిచేవి, మూడు రోజులు నడిచేవి కావు. పోలీసు కాల్పుల్లో పిల్లలు పోయారన్న వార్తలు వచ్చాయి. అన్న ఇంటికి వచ్చి నాలుగు రోజులుండి మళ్ళీ పోయేవాడు. కాలేజీ లేదు కదా ఎందుకు పోతున్నావని అవ్వ ఏడ్చేది.

అన్న కోపం ఊరికే పుట్టింది కాదని నేను చెప్పాలి. బాపు పట్టుదలతో పరీక్ష రాసి పాసయ్యాడు. బడిలో గుమాస్తా కొలువు ఖాళీ అయితే నీదే అని పెద్దలు రెండేళ్ళు ఆశ పెట్టారు. ఖాళీ అయింది. కోస్తా నుంచి ఒకాయన కాగితాలు పట్టుకొని వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. బాపు ఆయనకు కూడా మంచినీళ్ళు అందించాడు. ఇంట్లో ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తింది అన్నే. "నీ కుర్చీల గాయన కూసుంటే నువ్వు గంట కొడ్తున్నవ్ బాపు" అన్నాడు. బాపు అన్నం ముద్ద కలుపుతూ, "గంట గూడ ఎవడన్న కొట్టాలె గద బిడ్డ" అన్నాడు.

ఎండాకాలం మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, పట్నం నుంచి ఒక లారీ వచ్చింది. నేను బోరింగు దగ్గర బిందె నింపుతున్నాను. లారీ నిండా విద్యార్థులు, జెండాలు, నినాదాలు. మా అన్న డ్రైవరు పక్కన కూర్చొని ఉన్నాడు. కిటికీలోంచి చెయ్యి చాచి దారి చూపిస్తున్నాడు. ఎడమకు, తర్వాత కుడికి. ఎక్కడికి చూపిస్తున్నాడో నాకు అర్థమయ్యేసరికి బిందె పొంగి కాళ్ళమీద నీళ్ళు పడుతున్నాయి.

నేను పరుగెత్తి వెళ్ళేలోగా సారు ఇంటి ముందు జనం నిండిపోయారు. ఆ ఇల్లు ఊళ్ళో పెద్ద భూస్వామిది. ఎన్నికల్లో నిలబడే కుటుంబం వాళ్ళది. ఆయన వచ్చి మెట్లమీద నిలబడి, "నా ఇల్లు ముట్టొద్దు. లోపట సామాను మీ ఇష్టం" అని చెప్పి వెళ్ళిపోయాడు. నిన్నటిదాకా సారును వేదికలమీద పక్కన కూర్చోబెట్టుకున్న మనిషే.

సామాన్లు బయటికి వచ్చాయి. మంచం, కుర్చీలు, బట్టల పెట్టె. పుస్తకాల పెట్టె మోసుకొచ్చింది మా అన్న. అది ఏ గదిలో, ఏ మూల ఉంటుందో అతనికి తెలుసు. వీధిలో కుమ్మరించాడు. సారు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఒక్కసారి మాత్రం, "అది లైబ్రరీ పుస్తకం, దాన్ని తీసి పక్కన పెట్టు అబ్బాయి" అన్నాడు. అన్న ఆయన ముఖం చూడలేదు. కిరసనాయిలు ఎవరో పోశారు. అగ్గిపుల్ల గీసింది తాను కాదని అన్న తర్వాత ఎప్పుడో చెప్పాడు. నేను కూడా చూడలేదు. పొగ మాత్రం చూశాను.

అప్పుడు బాపు బడి నుంచి వచ్చాడు. చెప్పులు కూడా లేవు. జనాన్ని తోసుకుంటూ నేరుగా అన్న దగ్గరికి పోయి కాలరు పట్టుకున్నాడు.

"ఇంటికి నడువు."

"నువ్వు పో బాపు. నీకోసమే చేస్తున్న."

"నా కోసం ఎవడు జెయ్యమన్నడుర? నడువ్!"

బాపు లాగాడు. అన్న రెండు చేతులూ బాపు రొమ్ము మీద పెట్టి నూకాడు. బాపు వెల్లకిలా పడ్డాడు. అందరూ ఒక్క క్షణం ఆగారు. మా ఊళ్ళో తండ్రిని తోసిన కొడుకును అంతకుముందు ఎవరూ చూడలేదు. గుమ్మంలోంచి సారు దిగివచ్చి బాపు చంకల కింద చేతులు వేసి లేపాడు. ఇద్దరూ అట్లాగే నిలబడ్డారు, ఒకరినొకరు పట్టుకొని. అన్న లారీ ఎక్కాడు. లారీ వెళ్ళిపోయింది.

మూడోరోజు పొద్దున్నే సారు కుటుంబం ఎడ్లబండిలో శంకర్‌పల్లి స్టేషనుకు బయలుదేరింది. బస్సులు లేవు. బాపు బండి వెంట నడిచి వెళ్ళాడు. ఎక్కేముందు సారు భార్య మా అవ్వ దగ్గర ఆగి, "నా చేత్తో పెట్టాను వదినా మీవాడికి, అయిదేళ్ళు" అంది. అంతకుముందు ఎప్పుడూ ఆమె మా అవ్వను వదినా అని పిలవలేదు. అవ్వ తల దించుకొని నిలబడింది. బాపు మర్నాడు తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కొని, బడికి పోయి గంట కొట్టాడు.

అన్న నాలుగు నెలలు కనబడలేదు. పట్నంలో పట్టుకుపోయారని, జైల్లో పెట్టారని తెలిసింది. అవ్వ చూడటానికి పోదామంటే బాపు కదలలేదు. వానలు పడి జొన్న మోకాలెత్తు పెరిగాక, ఒక సాయంత్రం, మొయినాబాద్ నుంచి నడుచుకుంటూ వచ్చాడు. బస్సులు నడుస్తున్నా నడిచే వచ్చాడు. గడ్డం పెరిగింది. ఎడమ చెవి వినబడటం లేదు. ఎక్కడ దెబ్బ తగిలిందని అడిగితే, "గుంపుల తగిలింది" అన్నాడు. దవాఖానకు పోదామంటే రాలేదు.

బాపు అతనితో మాట్లాడలేదు. ఒకే గదిలో ఇద్దరూ ఉన్నప్పుడు, "ఆన్ని తినుమను" అని అవ్వతో అనేవాడు. అవ్వ, "తిను బిడ్డ" అనేది. రెండు గదుల ఇంట్లో ఒక మాట ముగ్గురి మీదుగా పోయేది. ఏడాది పైన అట్లాగే గడిచింది.

బయట మాత్రం అన్న పెద్ద మనిషి అయ్యాడు. జైలుకు పోయివచ్చిన వాడని హోటల్లో లేచి చోటు ఇచ్చేవాళ్ళు. అతను ఆ చోట కూర్చునేవాడు కాదు. పొద్దున లేచి ఎటో నడిచిపోయేవాడు. ఒక్కోసారి చిల్కూరు దాటి గండిపేట చెరువు కట్టదాకా పోయి, కట్టమీద కూర్చొని, అర్ధరాత్రి దాటాక వచ్చేవాడు. కాలేజీలు తెరిచారు. పోలేదు. పుస్తకం తెరిస్తే రెండు పేజీలు తిప్పి మూసేవాడు. ఒకసారి నేను పరీక్షకు చదువుకుంటూ ఇంగ్లీషు పద్యం పైకి చదువుతుంటే, "లోపట సదువుకో" అని అరిచి లాంతరును కాలితో తన్నాడు. నేను బయట మెట్టుమీదికి పోతే, తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"గా సినిమాల పిల్లగాడు యాదికున్నడా?" అన్నాడు.

"ఉన్నడు."

"గప్పుడు నాకు సమజ్ కాలే. కారణం లేదనుకున్న. కారణాలు మస్తుంటయి చెల్లె. ఒక్కటి సాలదు, అన్ని కలిసినా సాలవు."

"మల్ల ఎందుకు జేసినవ్?"

"నువ్వు గూడ అడుగుతవా?" అని లేచిపోయాడు. నేను అడగకుండా ఉండాల్సిందని ఆ రాత్రంతా బాధపడ్డాను.

తర్వాత కొద్ది రోజులకు హోటల్లో ఒక కుర్రాడు, మా దూరపు చుట్టమే, అన్న భుజం మీద చరిచి, "మా అన్న షేర్, పులి! ఇంగ్లీషు సారుకు ఒక్క దినంల బండి గట్టించిండు" అన్నాడట. అన్న అతన్ని కొట్టాడు. తలను బల్లకేసి కొట్టాడు. రెండు పళ్ళు ఊడాయి. ఐదుగురు కలిస్తే గాని విడిపించలేకపోయారు. పొగిడినవాణ్ణి ఎందుకు కొట్టాడో ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. జైల్లో తలకు దెబ్బ తగిలిందని ఒకరన్నారు, దయ్యం పట్టిందని ఒకరన్నారు. పంచాయతీలో ఆ భూస్వామే పెద్ద. "పోరడు మనోడే, జర పైత్యం జేసింది" అని సర్ది చెప్పాడు. అన్న ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. మళ్ళీ కొడతాడేమోనని నేను అతని చొక్కా వెనకనుంచి పట్టుకున్నాను.

ఆ రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం, నేను బాపుకు సద్ది తీసుకొని బడికి పోయాను. బాపు పాత రికార్డుల గదిలో నేలమీద కూర్చొని ఒక కార్డు చదువుతున్నాడు. నన్ను చూసి దాచబోయి, మళ్ళీ ఏమనుకున్నాడో నా చేతికి ఇచ్చాడు. సారు రాత. తాము క్షేమమనీ, ఉద్యోగం మళ్ళీ దొరికిందనీ ఉంది. కింద, "మీవాణ్ణి జైల్లో పెట్టారని తెలిసింది. బయటికి వచ్చాడా? చదువు మాన్పించకండి" అని ఉంది. అట్లాంటివి అప్పటికే నాలుగు వచ్చాయి. బీరువాలో అటెండెన్సు రిజిస్టర్ల కింద పెట్టాడు.

"అన్నకు చెప్పలేదా బాపు?"

"చెప్పలే. నువ్వు గూడ చెప్పకు."

"ఎందుకు?"

బాపు సద్ది ముంత మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. "చెప్తే ఆని బరువు దిగుతది. గప్పుడే దిగొద్దు."

నేను చెప్పలేదు. బాపు మీద భయం కొంత. కానీ అదొక్కటే కాదు. ఆ రోజు ఆ పుస్తకాల మంటలో నాకు సారు ఇస్తానన్న ఒక డిక్షనరీ కూడా ఉంది. అన్న ఇంకొన్నాళ్ళు నడవనీ అని నాకు కూడా లోపల ఎక్కడో ఉండేది. ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా చర్చిలో ఏటా పంట చేతికి వచ్చాక కోత పండుగ చేస్తారు. మొదటి జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి ముందు పెడతారు. ఆరాధన మధ్యలో సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. డెబ్బైలో ఆ పండుగకు మేమంతా మొయినాబాద్ పోయాం. అన్న కూడా వచ్చాడు. ఎందుకు వచ్చాడో అని అవ్వ ఆశ్చర్యపోయింది, సంతోషపడింది. ఒక ముసలామె తన కోడలి కాన్పు గురించి చెప్పి కూర్చుంది. అన్న లేచి నిలబడ్డాడు.

జైలు నుంచి విడిపించినందుకు సాక్ష్యం చెబుతాడనుకున్నారు అందరూ. వెనక వరుసల్లోంచి "స్తోత్రం" అన్నారు.

"నాకు అన్నం బెట్టినాయన ఇల్లు నేను జూపెట్టిన" అన్నాడు అన్న. "లారీల కూసోని చెయ్యి జూపిచ్చిన. పెట్టె నేనే మోస్కొచ్చి కుమ్మరిచ్చిన. అగ్గి నేను పెట్టలే. కాని గది చెప్పుకునే మాట కాదు. మా బాపును నూకిన. గింతే."

అవ్వ అతని చొక్కా పట్టి కిందికి లాగుతోంది. ముందు కట్టేసిన కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది. పాస్టరు అయ్యగారు గొంతు సవరించుకొని, "ప్రార్థన చేద్దాం" అన్నారు. బాపు ప్రార్థన మొదలుకాకముందే లేచి బయటికి నడిచాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. అన్న ఒక్కడే ఇంకా నిలబడి ఉన్నాడు, కూర్చోవాలో పోవాలో తెలియనట్టు.

బయటికి వచ్చాక ఒక పెద్దమనిషి, "గిదేం సాక్ష్యం? పోరగాండ్లు పానాలిచ్చిన సంగతి చెప్పక, పరాయోళ్ళ తరఫున మాట్లాడబట్టె" అన్నాడు. ఇంకొకామె వచ్చి అన్న తలమీద చెయ్యి పెట్టింది. అన్న బస్సు వైపు నడిచాడు. బస్సులో చేవెళ్ల దాకా నలుగురం నాలుగు చోట్ల కూర్చున్నాం.

మర్నాడు సాయంత్రం బాపు బడి నుంచి వస్తూ కార్డులు తెచ్చాడు. అప్పటికి మొత్తం ఆరు కార్డులయ్యాయి. అన్న ముందు చాపమీద పెట్టాడు. అన్న ఒక్కొక్కటే చదివాడు. చదివి, తేదీల ప్రకారం పేర్చి, మళ్ళీ చదివాడు.

"ఎన్నొద్దుల సంది వస్తున్నయి?"

"ఏడాది సంది" అన్నాడు బాపు. లారీ వచ్చిన రోజు తర్వాత ఆయన అన్నతో నేరుగా అన్న మొదటి మాట అది.

అన్న నా వైపు తిరిగాడు. "నీకు ఎరికేనా?"

"ఎరికలేదు" అన్నాను. బాపు నా ముఖం చూసి తల తిప్పుకున్నాడు.

రెండు రోజులకు అన్న రైలెక్కాడు. పోతున్నానని మాత్రమే చెప్పాడు. నాలుగో రోజు తిరిగి వచ్చాడు. బట్టలనిండా బొగ్గునుసి. అవ్వ నీళ్ళు తోడింది. స్నానం చేసి వచ్చి, అడగకుండానే చెప్పాడు.

సారు ఇల్లు దొరకబుచ్చుకోవడానికి సగం పూట పట్టిందట. తలుపు సారు భార్య తీసింది. ఒక క్షణం చూసి, మళ్ళీ వేసేసింది. అన్న గేటు బయట నిలబడ్డాడు. బడి వదిలాక సారు వచ్చాడు. లోపలికి పోయి, కొంతసేపటికి ఒక్కడే బయటికి వచ్చి, "ఆవిడ ఒప్పుకోవడం లేదు. బలవంతం చేయలేను" అన్నాడు. ఇద్దరూ సందు చివర టీకొట్టు బల్లమీద కూర్చున్నారు.

"నువ్వేమన్నవ్ బిడ్డ?" అని అవ్వ అడిగింది.

"తప్పయింది సార్ అన్న. ఆయన అవునన్నడు."

"గంతేనా?"

"గంతే. ఫర్వాలేదు అనలే. అవునన్నడు. మంచిగనిపిచ్చింది. తర్వాత చెవి సంగతి అడిగిండు. దవాఖానకు పొమ్మన్నడు. పరీక్ష రాస్తవా అన్నడు. రాస్త అన్న." కాసేపు ఆగాడు. "నేనొకటి అడిగిన. మా గ్లాసులు బయట బోర్లిచ్చేటోళ్ళు, మీకు ఎరికేనా సార్ అని. చేతిల టీ గ్లాసు కింద బెట్టిండు. ఎరికే అన్నడు. ఆయన గూడ తప్పయింది అన్నడు. నేను గూడ అవునన్న."

బాపు గోడకు ఆనుకొని వింటున్నాడు. లేచి వచ్చి అన్న పక్కన చాపమీద కూర్చున్నాడు. అవ్వ ఇద్దరికీ అన్నం పెట్టింది.

రెండు రోజుల తర్వాత పెరట్లో బట్టలు ఆరవేస్తూ నేను అన్నతో చెప్పాను. "కార్డుల సంగతి నాకు ఎరికే ఉండె. ఆరు నెలల సంది." నన్ను కూడా కొడతాడనుకున్నాను. అతను తడిచొక్కా విదిలిస్తున్నవాడల్లా ఆగి, "నువ్వు చెప్పినా గప్పుడు నేను పోయేటోణ్ణి కాదు" అన్నాడు. అది నిజమేనా, నా కోసం అన్నాడా, నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత నెల్లాళ్ళు మాత్రం నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇక్కడితో అంతా చక్కబడిందని రాయాలని ఉంది. చక్కబడలేదు. అన్న ఆ ఏడు పరీక్ష రాసి ఫెయిలయ్యాడు. మరుసటి ఏడు పాసయ్యాడు, డిగ్రీలో చేరి మానేశాడు. ఉద్యమం నడిపిన పెద్దలు అధికార పార్టీలో కలిసిపోయినప్పుడు, వారం రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. చెవికి మందు వేయించుకున్నాడు గాని వినికిడి రాలేదు. కోపం వచ్చేది, వస్తే నడిచిపోయేవాడు, నడిచి నడిచి వచ్చేవాడు. డెబ్బై రెండు చివర్లో కోస్తాలో కూడా విద్యార్థుల గొడవలు మొదలయ్యాయి. బస్సులు, రైళ్ళు ఆగాయి. సారు నుంచి కార్డు రాలేదు. అన్న రోజూ పోస్టాఫీసుకు పోయి నిలబడేవాడు. నెల తర్వాత వచ్చింది. "మేమంతా క్షేమం. ఇక్కడి పిల్లలు కూడా మీ పిల్లల్లాగే ఉన్నారు" అని ఉంది. అన్న ఆ వాక్యాన్ని బాపుకు చదివి వినిపించాడు. బాపు రెండోసారి చదవమన్నాడు.

చివరికి అన్న గండిపేట చెరువు దగ్గర నీటి గేట్ల పనిలో చేరాడు. ఎక్కువ మాటలు అక్కర్లేని పని. మొయినాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు. సాయంత్రాలు చర్చి వరండాలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాడు. కొన్నిసార్లు పాఠం మధ్యలో లేచి ఎటో పోయేవాడు. అలవాటైపోయిన పిల్లలు, తిరిగి వచ్చేదాకా పుస్తకాలు తెరుచుకొని కూర్చునేవాళ్ళు. అతను వచ్చేవాడు. కొంచెం ఆలస్యంగా, చెప్పులకు దుమ్ముతో, కుడి చెవి పిల్లల వైపు తిప్పి కూర్చొని, "యాడిదాక చదివినం?" అని అడిగేవాడు.